ఆగండిగారి ఐదు పెట్టెలు

హోటల్లో వడ్డన చేసేవాళ్లందరూ ఆయన్ని చాటుగా "ఆగండిగారు" అనేవాళ్లు. నేలమాళిగలో ఉన్న వైను గది ఆయన చేతికింద ఉంది. పైనుంచి ఎవరైనా దిగి ఫలానా సీసా కావాలంటే, ఏ సీసా అని పూర్తిగా వినకముందే ఆయన నోట్లోంచి వచ్చే మాట అది. ఇంకో రెండేళ్లు ఆగండి, ఇంకో నాలుగేళ్లు ఆగండి, అది ఇంకా పసిది, దాని జోలికి పోకండి. ఇరవై ఏడేళ్లుగా ఇదే వరస.

తమాషా ఏమిటంటే, ఆగడమనేది ఆ మనిషి ఒంట్లోనే లేదు. బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే చాలు, తర్వాతి స్టాపు దాకా నడిచిపోతాడు. బస్సేమో దారిలో ఆయన్ని దాటుకుని వెళ్లిపోతుంది. పొయ్యిమీద గిన్నె పెడితే ఉడికేలోపు నాలుగుసార్లు మూత ఎత్తి చూస్తాడు. సినిమాకి తీసుకెళితే ఇంటర్వెల్ దాకా కూర్చోలేడు. "ఈయనకున్న ఓపికంతా ఆ సీసాలకే ఖర్చయిపోతుంది, ఇంటికి తెచ్చేది ఏమీ మిగలదు" అని ఆయన భార్య వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతుంది. ఆయనకీ ఆ సంగతి తెలుసు. ఏం చేస్తాడు, పుట్టుకే అంత.

నేలమాళిగలో మాత్రం ఆయన రాజు. ఇరవై రెండు మెట్లు దిగితే గోడలనిండా చెక్క అరలు, అరలనిండా పడుకోబెట్టిన సీసాలు, మూలన రాత్రీ పగలూ గొణుక్కునే చల్లదనం మిషను. ప్రతి అరకీ దారంతో కట్టిన ఒక అట్టముక్క. ప్రాంతానికొక అట్ట: ఫ్రాన్సులో బర్గండీకి ఒకటి, బోర్డోకి ఒకటి, జర్మనీలో మోసెల్ లోయకి ఒకటి, అర్జెంటీనాలో మెండోజాకి, ఆస్ట్రేలియాలో బరోసాకి చెరొకటి. అక్కడి నేల ఎలాంటిది, ఎండెంత, అక్కడి వైను ఎన్నేళ్లకి తాగడానికి సిద్ధమవుతుంది అన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో రాసిపెట్టుకున్నాడు.

కొత్తగా పనిలో చేరినవాళ్లకి పాఠం చెప్పడమంటే ఆయనకి భలే ఇష్టం. అటూ ఇటూ తిరుగుతూనే చెప్పేవాడు. "ఎండ ఖాయంగా కాసే చోట ఏళ్లన్నీ అక్కచెల్లెళ్లలా ఉంటాయి, పోలికలు కలుస్తాయి. చలిప్రాంతాల్లో అలా కాదు. ఒక ఏడు నవ్వుతుంది, ఒక ఏడు మూతి ముడుచుకుంటుంది. ఇంకోటి వినండి. సీసా మీద ఒకే సంవత్సరం ఉంది కదా అని రెండూ ఒక ఈడువే అనుకోకండి. భూమికి కిందివైపు దేశాల్లో ద్రాక్ష కోత ఫిబ్రవరి, మార్చిల్లో పడుతుంది. పైవైపు సెప్టెంబరులో. ఒకే ఏడాది పిల్లలే గానీ, కిందివైపుది ఆరునెలలు పెద్దది." ఇంత తెలిసిన మనిషి అట్టలు మాత్రం ప్రాంతం ప్రకారమే కట్టుకున్నాడు. ఏడాదికొక అట్ట రాయాలన్న ఆలోచన ఆయనకి ఎప్పుడూ రాలేదు.

ఎడమగోడకి, అన్నిటికన్నా కింది అరలో, బర్గండీ ఎర్రవైను ఐదు పెట్టెలుండేవి. పెట్టెకి పన్నెండు సీసాలు. 2003 నాటివి. ఆ ఏడు యూరప్ అంతా ఎండలు మండిపోయాయి. మామూలుగా సెప్టెంబరులో కోసే ద్రాక్షని అక్కడ ఆగస్టులోనే కోసేశారు. హోటలు యజమాని, అంటే ఇప్పటి యజమానురాలి భర్త, ఈయన మాటమీదే వాటిని కొన్నాడు. ఆరేళ్లు గడిచాక ఆగండిగారు ఒక సీసా తీసి రుచి చూశాడు. నోట్లో పట్టుబట్ట జారినంత మెత్తగా, తియ్యటి పండు వాసనతో, గొంతులో దిగాక కూడా వదలని రుచి. ఆ రోజు ఆయన మెట్లెక్కుతూ తనలో తను నవ్వుకున్నాడు. ఆరేళ్లకే ఇలా ఉంటే ఇరవై ఏళ్లకి ఇంకెలా ఉంటుంది! అట్ట చూశాడు. మంచి కొండవాలుది, ఇరవై ఏళ్లు అని ఉంది. పెట్టెలు మూసేశాడు.

ఎనిమిదేళ్ల కిందట ఆయన మేనకోడలు రెండో సీసా తెరిచింది. చెల్లెలి కూతురే గానీ, తొమ్మిదో ఏట నుంచీ ఈయన ఇంట్లోనే పెరిగింది. వాసనలు పట్టడం ఈయన దగ్గరే నేర్చుకుని, బయట చదువు చదివి వచ్చి, అదే హోటల్లో భోజనశాల వైపు వైను వడ్డనంతా చూసుకుంటోంది. పనివాళ్లకి రుచి చూపించడానికని ఆయన్ని అడక్కుండా తీసింది. ఒక గుక్క నోట్లో తిప్పి, "మావయ్యా, ఇందులో పులుపు లేదు. వగరు కూడా అయిపోవచ్చింది. ఎండల ఏడు కదా, దీన్ని పట్టుకుని నిలబెట్టేదేమీ లేదు. ఇప్పుడే తాగెయ్యాలి" అంది.

ఆగండిగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నిన్నగాక మొన్న గ్లాసు పట్టుకున్నదానివి, నాకు చెప్పొచ్చావా? నువ్వు గౌన్లేసుకుని తిరిగేటప్పటి నుంచీ నేనీ గదిలో ఉన్నాను" అని పదిమందిలో నోరు మూయించాడు. ఆ పిల్ల మళ్లీ ఆ అర వైపు వెళ్లలేదు. ఇంట్లో మామూలుగానే ఉండేది గానీ, వైను మాటెత్తితే లేచి వెళ్లిపోయేది.

ఇప్పుడు హోటలుకి యాభై ఏళ్లు నిండాయి. భర్త పోయాక ఒంటిచేత్తో నడుపుతున్న యజమానురాలు నలభై ఎనిమిది మందిని మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. భోజనం జాబితా కార్డు మీద ఆ 2003 పేరు బంగారు అక్షరాల్లో అచ్చు వేయించింది. ఎందుకంటే ఆగండిగారు మొదటిసారిగా "ఇక తియ్యొచ్చమ్మా" అన్నాడు. ఇరవై ఏడేళ్ల నౌకరీకి ఆ మాటే ముద్ర. అది నిజమైతే ఆయన గెలిచినట్టు. కాకపోతే, ఇన్నాళ్లూ ఆపిన ప్రతి సీసా వెనకా ఎవరో ఒకరు వేలెత్తి చూపిస్తారు.

విందు రోజు ఐదింటికే లేచాడు. షర్టు ఇస్త్రీ చేసి, మళ్లీ చేశాడు. భార్య కాఫీ పెట్టేలోపు చెప్పులేసుకున్నాడు.

"ఒంటిగంటకి భోజనమైతే ఇప్పట్నుంచీ అక్కడ ఏం చేస్తారు?"

"చూసుకోవాలి కదా."

"సీసాలేమన్నా లేచి పారిపోతాయా?"

ఆయన నవ్వలేదు. రెండు రోజులుగా లోపల ఏదో పీకుతోంది. మడ్డి అడుక్కి దిగడానికని మొన్న సీసాలన్నిటినీ నిలబెట్టినప్పుడు, మెడదాకా ఉండాల్సిన వైను చాలావాటిలో భుజం దాకా దిగి కనిపించింది. అంత తగ్గితే లోపలికి గాలి చేరినట్టే. పాత సీసాల్లో అది మామూలే అని సర్దిచెప్పుకున్నాడు. రాత్రి మళ్లీ గుర్తొచ్చింది. మళ్లీ సర్దిచెప్పుకున్నాడు.

నేలమాళిగలో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. మిషను దగ్గరికి, అర దగ్గరికి, మెట్ల దగ్గరికి. మూడుసార్లు పైకెక్కి గడియారం చూసి దిగాడు, చేతికే వాచీ ఉంది. తొమ్మిదింటికి తెరవాలని తనే నియమం పెట్టుకున్నాడు. ఎనిమిదింబావుకి మొదటి బిరడా లాగాడు.

బిరడా బాగానే వచ్చింది. గ్లాసులో పోసి దీపం ముందు పెడితే అంచు ఇటుక రంగులో, మధ్యలో కూడా ఎరుపు చచ్చి ఉంది. వాసన చూశాడు. ఎప్పుడో ఖాళీ అయిన కిస్‌మిస్ డబ్బా అడుగు వాసన, దాని వెనకాల వెనిగర్. నోట్లో వేసుకుంటే నీరసంగా వచ్చి నాలుకమీద కూలబడింది. ఒక్క సీసా పాడైతే అన్నీ పాడైనట్టా అనుకుని రెండోది తీశాడు. మూడోది. వేరే పెట్టెలోంచి నాలుగోది. అన్నిట్లోనూ అదే వాసన. కూర్చోలేకపోయాడు. గోడకీ గోడకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

అప్పుడొక ఆలోచన వచ్చింది. బిరడాలు చెడ్డవని చెబితే? అమ్మినవాళ్ల తప్పవుతుంది. ఇరవై ఏళ్ల కిందటి బేరం, ఎవరు విచారిస్తారు? యజమానురాలికి ఈ తేడాలు తెలియవు. ఆ హోటల్లో ఈ అబద్ధాన్ని పట్టుకోగలిగిన మనిషి ఒక్కతే ఉంది.

ఆ ఒక్కదాన్నే పిలవడానికి మెట్లెక్కాడు. ఎందుకు పిలుస్తున్నాడో ఆయనకే సరిగ్గా తెలియదు. ఒక్కడూ ఆ గదిలో ఉండలేకపోయాడు, అంతే.

మేనకోడలు భోజనశాలలో గ్లాసులు తుడుస్తోంది. మావయ్య మొహం చూసి గుడ్డ కింద పెట్టేసి వెంట వచ్చింది. నాలుగు గ్లాసులూ వాసన చూసింది. ఒకటి నోట్లో పోసుకుని తొట్టిలో ఉమ్మేసింది. ఎనిమిదేళ్లుగా దాచుకున్న మాట ఇప్పుడు అనేస్తుందని ఆయన తల వంచుకుని నిలబడ్డాడు.

"పక్క అరలో 2008 ఎన్ని సీసాలున్నాయి?" అంది.

"నాలుగు పెట్టెలు. కానీ అది వానల ఏడు తల్లీ. చవగ్గా వచ్చిందని కొన్నది. మూతి ముడుచుకున్న ఏడు."

"ఒకటి తియ్యి మావయ్యా."

తీశాడు. చిన్నప్పుడు పులుపుతో నోట పెట్టనియ్యని వైను అది. ఆ పులుపే ఇన్నేళ్లూ దాన్ని కాపాడింది. ఎర్రగా, చురుగ్గా ఉంది, తడిమట్టిలో రాలిన పండు వాసన. ఆగండిగారు రెండో గుక్క తాగాడు. సిగ్గేసింది. ఆరేళ్ల వయసులో ఆ 2003లో ఉన్న మెత్తదనం, ఆ తీపి, అదంతా "ఇప్పుడే తాగు" అని అది చెప్పిన మాట. ఆ మాటని "ఇంకా ఆగు" అని విన్నది తనే.

పదకొండున్నరకి యజమానురాలు బల్లలు చూడ్డానికి వచ్చింది. డెబ్బై ఆరేళ్ల మనిషి, చేతికర్ర ఉన్నా నడక జోరే. పక్కబల్ల మీద వరసగా పెట్టిన 2008 సీసాలు చూసి ఆగింది.

"ఇవేమిటి? కార్డులో ఉన్నవి ఏవీ?"

ఆయన నోరు తెరిచేలోపే మేనకోడలు అందుకుంది. "బిరడాలు చెడిపోయాయి మేడమ్. కొన్నప్పుడే లోపం ఉండుంటుంది. మావయ్య పొద్దున్నే కనిపెట్టాడు కాబట్టి సరిపోయింది."

ఎంత సులువుగా అనేసిందో. ఆగండిగారు ఊఁ అంటే చాలు, గండం గట్టెక్కినట్టే. చుట్టూ తొమ్మిది మంది పనివాళ్లు గ్లాసులు పట్టుకుని నిలబడి వింటున్నారు. ఆ రోజు ఆ పిల్లని మాటలన్నప్పుడు కూడా సుమారుగా ఇంతమందే ఉన్నారని ఆయనకి తోచింది.

"బిరడాలు బాగానే ఉన్నాయమ్మా" అన్నాడు. "వైనే పోయింది. నేనే ఆపీ ఆపీ చంపేశాను. ఎనిమిదేళ్ల కిందట ఈ పిల్ల నాకు చెప్పింది, ఇప్పుడే తాగాలి అని. ఇలాగే అందరి ముందూ తిట్టి నోరు మూయించాను. తప్పు నాది."

మేనకోడలు కిటికీ వైపు తిరిగిపోయింది. యజమానురాలు చేతికర్ర కుర్చీకి ఆనించి మెల్లగా కూర్చుంది.

"ఒకప్పుడు బాగుండేదా అది?" అని అడిగింది.

"చాలా బాగుండేదమ్మా."

"మా ఆయన ఆఖరి ఏడాది, ఒంట్లో కాస్త బాగున్న ఒక రోజు, కిందికి మనిషిని పంపాడు. ఆ ఎండల ఏటిది ఒక్కటి పంపమను, ఇద్దరం తాగుతాం అని. మీరు ఇంకా ఆగమన్నారట. ఆయనేమో, అతను ఆగమన్నాడంటే ఏదో ఉంటుందిలే అని నవ్వి ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను."

ఆగండిగారికి అది గుర్తే లేదు. రోజుకి ఎంతమందికో ఆ మాట చెప్పేవాడు. ఎంత వెతుక్కున్నా ఆ రోజు, ఆ వచ్చిన మనిషి, ఏదీ గుర్తుకు రాలేదు.

"కిందనుంచి ఒక సీసా తెప్పించండి" అంది ఆవిడ.

"తాగలేరమ్మా. వెనిగర్‌లా ఉంది."

"ఎలా ఉన్నా సరే. మీరే పొయ్యండి."

ఆయనే దిగి తెచ్చాడు. పోస్తుంటే రెండు చుక్కలు తెల్లటి బల్లగుడ్డ మీద పడ్డాయి. ఆవిడ గ్లాసు ఎత్తి, మొహం చిట్లించకుండా, గుక్క తర్వాత గుక్కగా చివరిదాకా తాగింది. ఆవిడ తాగినంతసేపూ ఆగండిగారు పక్కన నిలబడే ఉన్నాడు. తర్వాత ఆవిడ గ్లాసు ముందుకి జరిపి, ఇంకొంచెం పొయ్యమంది.