చెరి సగం బిళ్ళలు

మొన్న మిక్సీలో నువ్వులూ బెల్లమూ తిప్పుతుంటే వచ్చిన వాసనకు నాకు నోరూరలేదు, ఒళ్లు మండింది. ధర్మవరంలో మా చిన్నప్పుడు పిల్లలంతా నాగుల చవితికి చిమ్మిలి ఇష్టంగా తినేవారు. నాకు మాత్రం పక్క తడపడానికి అదే మందని ఏడాది పొడుగునా రోజుకో ఉండ మింగించేవారు. పదేళ్లు నిండినా తగ్గలేదు. ఇంట్లో నేసే పట్టుకు వాసన పడుతుందని మగ్గానికి దూరంగా, వసారాలో గోనెపట్టా మీద నా పడక. వానల్లేని ఆ డెబ్బైలలో వీధి కొళాయి దగ్గర రెండు బిందెలు దొరకడమే గొప్ప, అందులో ఒకటి నా బొంత ఉతకడానికే పోయేది. జూన్‌లో నేను అనంతపురం హాస్టల్లో చేరి ఆరో తరగతి చదవాలి. పక్క తడిపే పిల్లను చేర్చుకోబోమని వాళ్లు ముందే చెప్పారు.

అప్పుడొచ్చాడు పట్నం డాక్టరు. కొత్త మందు మీద పరిశోధన అని చెప్పి, నాకూ నాలాగే పక్క తడిపే ఎదురింటి ఓబులేసుకూ చెరొక డబ్బా బిళ్ళలిచ్చి, బొంత తడిసిన ప్రతిరోజూ గీత పెట్టమని అమ్మలకు కాగితాలిచ్చాడు. రెండు వారాలు తిరిగేసరికి నా బొంత పొడిగా ఉంది. మిగిలిన బిందెడు నీళ్లతో అమ్మ నాకు తలంటు పోసింది.

ఓబులేసుకు మాత్రం తగ్గలేదు. వాళ్లమ్మ నరసమ్మ మా గడపలో కూర్చుని ఏడ్చింది. మా వీధిలో ఒకరికి జరీ చాలకపోతే పక్కింటివాళ్లు తమ కండె తీసిచ్చేవారు. అమ్మకు మందైనా అంతే.

"ఏడవద్దులే నరసక్కా, రెండు డబ్బాలూ కలిపి చెరి సగం చేసుకుందాం."

నెలకు డాక్టరు వచ్చి, సంగతి తెలిసి మండిపడ్డాడు. "ఒకరికి మందు, ఒకరికి ఉత్త పిండిబిళ్ళ ఇచ్చి తేడా చూస్తున్నామమ్మా. మా పరిశోధనంతా పాడుచేశారు!"

"ఉత్త పిండా? మాకొక మాట చెప్పల్ల గదా సారూ!" అంది అమ్మ.

ఆయన రెండు డబ్బాలూ తీసుకుని, మా పేర్లు కొట్టేసి పోయాడు. వారానికి నా బొంత మళ్లీ తడిసింది, జూన్ వెళ్లిపోయింది, నాయన హాస్టలు ఊసెత్తలేదు. రెండేళ్లకు దానంతటదే తగ్గింది గానీ, అప్పటికే నన్ను బడి మాన్పించి నేతకు మగ్గం గుంటలో కూర్చోబెట్టారు.

ఇప్పుడా గుంట పూడ్చి టైల్సు వేశారు, ఆ వీధిలో మగ్గం చప్పుడే లేదు. పరిశోధనలో ఏం తేలిందో మాకెవరూ చెప్పలేదు. అమ్మ మాత్రం పోయేముందు కూడా "నీ సదువు నేనే పోగొట్టినా పాపా" అని ఏడ్చింది. మందని చెప్పి పసివాడితో పిండి మింగించినవాడు ఎప్పుడైనా ఏడ్చాడా అని అడుగుదామంటే, ఆయన పేరు కూడా మాకెవరికీ తెలియదు.