అంజీర్‌కు ఏం పెట్టాలి?

ఉస్మాన్‌గంజ్‌లో కాజు, బాదం, కిస్మిస్ హోల్‌సేల్‌గా అమ్మే పురుషోత్తం సేటు గురించి ఎవరినడిగినా ముందు చెప్పేది ఒకటే: ఆయన చెయ్యి ఊరుకోదు. సరుకు కోసం వచ్చినవాడికీ, దారి అడగడానికి ఆగినవాడికీ, కరెంటు బిల్లు తెచ్చినవాడికీ గుప్పెట్లో ఏదో ఒకటి పెట్టాల్సిందే. నీరసమంటే ఖర్జూరం, దగ్గంటే మిరియాలు, రక్తం తక్కువంటే కిస్మిస్. డాక్టర్ల కన్నా తన గోనె సంచుల మీదే ఆయనకు గురి. తాత కాలం నుంచీ అదే వ్యాపారం. "మన సరుకు తిని ఎవరన్న మంచంబట్టిండ్రా?" అని గద్దె మీద కూర్చుని గర్వంగా అడిగేవాడు. అట్లా పట్టినవాళ్లెవరూ లేరు కాబట్టి ఎదురు చెప్పేవాళ్లూ లేరు.

వానలు మొదలైన కొత్తలో ఒక పొద్దున గోదాం షట్టరు ఎత్తితే బస్తాల సందులో కుక్కపిల్ల కనిపించింది. తల్లి జాడ లేదు. ఒళ్లంతా ఎండు అంజీరు రంగు. అంజీర్ అని పేరు కూడా ఆయన నోటికి అప్పుడే వచ్చింది. తువ్వాలులో చుట్టుకుని కార్వాన్‌లోని ఇంటికి తెచ్చాడు.

ఆయన భార్య సావిత్రికి ఆచారం ఎక్కువ. ఉల్లి, వెల్లుల్లి కూడా వంటింటి గడప దాటని ఇల్లు అది. "వాకిట్లనే ఉండాలె, ఇంట్లకు రావద్దు" అని ఖరాఖండిగా చెప్పింది. సాయంత్రానికల్లా ఆ పిల్ల ఆమె పాత చీర మీద, ఆమె కాళ్ల దగ్గరే పడుకుని ఉంది.

చిక్కల్లా దాని కడుపుతోనే వచ్చింది. చిక్కటి బర్రెపాలు పోస్తే అరగంటలో వాకిలంతా పాడుచేసింది. పెరుగన్నం పెడితే అంతే. పాలలో బిస్కెట్లు నానబెడితే అవీ నిలవలేదు. ఒకరు రొట్టె అంటే రొట్టె, ఇంకొకరు జావ అంటే జావ. పూటకొక తిండి మారింది. పిల్ల మాత్రం రోజురోజుకూ పక్కటెముకలు తేలిపోయి, తోక ఊపడం కూడా మానేసింది. ఇక లాభం లేదని పురుషోత్తం తన సొంత వైద్యం మొదలుపెట్టాడు. నల్ల కిస్మిస్ నానబెట్టి, మెత్తగా నలిపి, వేలితో నాకించాడు. ఆ మర్నాడు కూడా. తీయగా ఉంది కదా, అది ఇష్టంగానే నాకింది. మధ్యాహ్నం రెండుసార్లు వాంతి చేసుకుని గోడవారన ఒరిగిపోయింది.

అప్పుడు భయం పుట్టింది ఆయనకు. ఆటో ఎక్కి, మెయిన్‌రోడ్డు మీద ఉన్న పశువుల క్లినిక్‌కు తీసుకుపోయాడు. డాక్టరు సాయిప్రియ ముప్పై దాటని మనిషి. పిల్ల పొట్ట నొక్కి చూస్తూ అడిగింది.

"ఏమేం పెట్టిండ్రు అంకుల్? ఒక్కొక్కటి చెప్పండి."

"ఏం తక్కువ చెయ్యలే బిడ్డా. పాలు, పెరుగన్నం, బిస్కెట్లు, రొట్టె... బలం రావాలని నిన్న, ఇయ్యాల కిస్మిస్ గూడ పెట్టిన."

డాక్టరు చెయ్యి పొట్ట మీదే ఆగిపోయింది. "కిస్మిసా?"

"ఫస్ట్ క్వాలిటీ. నా దుకాణందే."

"అంకుల్, కుక్కలకు అది విషం."

పురుషోత్తం నవ్వాడు. డాక్టరు తమాషాకు అన్నదేమో అనుకున్నాడు. ఆమె నవ్వలేదు. ద్రాక్ష గానీ, కిస్మిస్ గానీ కొన్ని కుక్కలకు ఏమీ చెయ్యదనీ, కొన్నిటికి మాత్రం కొంచెం తిన్నా కిడ్నీలు పనిచెయ్యడం మానేస్తాయనీ, ఏ కుక్కకు ఏమవుతుందో ముందుగా చెప్పలేమనీ వివరించింది. చెబుతూనే సెలైన్ ఎక్కించింది, పరీక్షకు రక్తం తీసింది.

ఆయన నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. స్టూలు మీద కూలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేతికి అంటుకున్న వాసన అది. పసిపిల్లల నోట్లో పెట్టాడు, బాలింతలకు పంపాడు, దేవుడికి నైవేద్యం పెట్టాడు. ఆ చేతివేలితోనే ఈ మూగదానికి విషం నాకించాడా? వేలి వంక చూసుకున్నాడు. నర్సు మంచినీళ్లు ఇస్తే గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగడం మరచిపోయాడు.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. కిడ్నీలు ఇప్పటికైతే బాగున్నాయి, రెండు రోజులాగి మళ్లీ చూడాలంది డాక్టరు. కడుపు చెడింది మాత్రం పాల వల్ల, పూటకొకటి మార్చిన తిండి వల్ల. నులిపురుగులకు మందిచ్చింది.

"ఇప్పుడు ఒక్కటే తిండి పెట్టండి. మెత్తటి అన్నం, ఉడికించిన చికెన్. తోలు, కొవ్వు తీసెయ్యాలి. ఉప్పు, పసుపు, నూనె ఏదీ వద్దు. కొంచెం కొంచెం, నాలుగైదు సార్లు."

"చికెనా!" రెండో దెబ్బ ఇది. "మా ఇంట్ల గుడ్డు పేరు గూడ తియ్యరమ్మా. ఆ డబ్బాల తిండి ఇయ్యి."

డాక్టరు అల్మారాలోంచి డబ్బా తీసి, వెనక అచ్చేసింది చూపించింది. అందులోనూ చికెనే. "తినేది కుక్క అంకుల్. మీరు కాదు" అంది నెమ్మదిగా.

దారిలో బబ్లూ కోళ్ల దుకాణం ముందు ఆటో ఆపించాడు పురుషోత్తం. ఎన్నేళ్లుగానో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దాటిన దుకాణం. ఆయన్ని చూసి బబ్లూ చేతిలో కత్తి గాల్లోనే నిలిచింది.

"సేఠ్‌జీ, రాస్తా భూల్ గయే క్యా?" దారి తప్పి వచ్చాడేమో అనుకుని అడిగాడు.

"నై భాయ్. పావుకిలో. తోలు, కొవ్వు, బొక్కలు ఏమీ ఉండొద్దు."

దుకాణంలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. సేటు పొట్లం అందుకుని, నేల చూపులు చూస్తూ ఆటో ఎక్కాడు.

ఇంటి ముందు దిగి వాకిట్లోనే ఆగాడు. ఒక చంకలో కుక్కపిల్ల, ఇంకో చేతిలో వీలైనంత దూరంగా పట్టుకున్న నల్ల కవరు. సావిత్రి గుమ్మంలోకి వచ్చింది. కిస్మిస్ సంగతి, చికెన్ సంగతి రెండూ ఒక్క గుక్కలో చెప్పేసి, తిట్లకు సిద్ధమై తల వంచుకున్నాడు. ఆమె కుక్కపిల్ల చెవి నిమిరింది.

"మిద్దె మీద పాత స్టవ్వున్నది. పాత అల్యూమినియం గిన్నె గూడ ఉన్నది. నడువుండ్రి" అంది.

"నువ్వా? నువ్వు వండుతవా?"

"కుక్క మనింట్ల పుట్టిందా మన తిండి తినడానికి? మీరు వండితే అలవాటుకు ఉప్పేస్తరు."

ముప్పై అయిదేళ్ల కాపురంలో సావిత్రి తనకు పూర్తిగా తెలుసనుకున్నాడు పురుషోత్తం. కొంగు ముక్కుకు చుట్టుకుని, ముఖం పక్కకు తిప్పి గరిటె తిప్పుతున్న ఆమెను నోరు తెరిచి చూస్తూ నిలబడ్డాడు.

సేటు చికెన్ కొన్నాడన్న వార్త గంజ్ అంతా పాకింది. రెండో రోజు పొద్దున్నే సావిత్రి తమ్ముడు జగదీశ్వర్ కోపంగా వచ్చాడు.

"బావా! బజార్ల ఏం లొల్లి ఇది? మన ఇంటి ఇజ్జత్..."

"ఓ జగదీశ్వర్, జల్ది పైకి రా!" మిద్దె మీద నుంచి పురుషోత్తం గొంతు ఖంగుమంది. "చూడు, గట్టిగ వచ్చింది! ఇన్నొద్దులకు గట్టిగ వచ్చింది!"

గాభరాపడి ఎక్కిపోయిన జగదీశ్వర్‌కు మొదట కనిపించింది, పరిచిన పేపరు మీద కుక్కపిల్ల దొడ్డికి, దాన్ని వంగి మురిపెంగా చూస్తున్న బావ. ఆ తర్వాత స్టవ్వు, స్టవ్వు మీద ఉడుకుతున్నది, దాని ముందు కూర్చున్న అక్క.

"అక్కా... నువ్వా?"

"జరుగు, పొగ తగుల్తది" అంది సావిత్రి.

జగదీశ్వర్ చాయ్ కూడా తాగకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం రెండో రిపోర్టు కూడా బాగానే వచ్చింది. అది వినగానే పురుషోత్తం క్లినిక్ బయట మెట్ల మీద కూర్చుని, నలుగురూ చూస్తున్నా లెక్కచెయ్యకుండా ఏడ్చాడు. వారం తర్వాత డాక్టరు చెప్పినట్టే, సున్నితమైన కడుపున్న కుక్కపిల్లల కోసం చేసిన గింజల్లాంటి ప్యాకెట్ తిండిని ఆ అన్నంలో కొద్దికొద్దిగా కలుపుతూ పోయారు. ఈసారి ఎవరి సలహా విని మధ్యలో మార్చలేదు. అంజీర్ పక్కటెముకలు మెల్లగా కనుమరుగయ్యాయి.

జగదీశ్వర్ మళ్లీ ఇజ్జత్ మాట ఎత్తలేదు. పొద్దున్నే ఫోన్ మాత్రం చేస్తున్నాడు.

"బావా, ఇయ్యాల ఎట్లొచ్చింది? గట్టిగనేనా?"