పైడి చదివింది, స్వాతి పేరున పోయింది

ఏళ్ళుగా మోస్తున్నాను దీన్ని. బరువని తెలియడం కూడా మానేసింది, తిమ్మిరెక్కిన కాలు లాగ. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెప్తాను, మీరు వినండి.

కరోనాకి బళ్ళు మూసేసిన ఏడు. మోవా బస్తీలో మాకూ పైడివాళ్ళకీ మధ్య ఒకటే గోడ. మా ఆయన పోయాక ఆయన ఫోను నా దగ్గరుండేది. పైడి ఇంట్లో ఫోను లేదు, అదీ నా ఫోనులోనే చదివేది. నా కూతురు స్వాతి, పైడి ఒకటే క్లాసు. ఇంగ్లీషు మేడం ఫోనులోకి కథల వీడియోలు పంపేది. పిల్లలు అవి చూసి, ముందు తమ పేరు చెప్పి, ఆ కథ పైకి చదివి, రికార్డు చేసి పంపాలి. కొత్త మేడం. ఏ గొంతు ఎవరిదో ఆవిడకి తెలియదు.

మొదటిరోజు పైడి పేరు చెప్పడం మర్చిపోయి గడగడా చదివేసింది. పంపాను. "వెరీ గుడ్, స్వాతీ" అని మేడం గొంతుతోనే జవాబు. ఫోను నాది కదా, నా కూతురే అనుకుంది. కాదని చెప్పొచ్చు. చెప్పలేదు. స్వాతి రెండు మాటలకోసారి ఆగిపోయేది. అందుకని దానిది అసలు పంపనేలేదు. పైడితో మాత్రం, "పేరక్కర్లేదే, సీదా చదివెయ్" అనేదాన్ని.

ఒకరోజు అడిగింది.

"పిన్నీ, నాది ఎల్లిందా?"

"ఎల్లిందే."

"మరి మేడం ఏటీ అన్లేదేటి?"

"బిజీ ఏమో."

"మీ ఫోనుకి నేనంటే పడదు పిన్నీ," అని నవ్వింది.

నేనూ నవ్వాను. ఎలా వచ్చింది నాకు ఆ నవ్వు?

బళ్ళు తెరిచే ముందు మేడం ఒక పిల్లని పెద్ద ఇంగ్లీషు బడికి, హాస్టలు సీటుకి ఎంచి పంపింది. స్వాతిని. పైడి ఒక్కటీ పంపలేదని మేడం లిస్టులో రాసుందట. వాళ్ళమ్మ, "దీనికి చదువు అంటదు" అని బడి మానిపించి, దేవేంద్ర నగర్‌లో తను పనిచేసే ఇళ్ళకే వెంటబెట్టుకుపోయింది. అప్పుడైనా చెప్పొచ్చు. గోడవతలే. మొగుడు లేనిదాన్ని, నా పిల్లకి ఈ ఒక్క దారీ పోతే ఎలాగని నాకు నేనే చెప్పుకున్నాను, కానీ పైడికీ ఉన్నది ఆ ఒక్క దారేనని నాకు తెలియదా, తెలుసు, తెలిసే రోజూ ఫోనులో ఆ పంపే బటన్ నొక్కాను.

స్వాతికీ తెలుసు. ఇద్దరం ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. సెలవులకొస్తే పైడి ఇంటివైపు చూడదు.

మొన్న నా నీళ్ళ బిందె అందుకుని పైడే గుమ్మం దాకా తెచ్చిపెట్టింది. ఏడుపొస్తుందనుకున్నాను. ఏమీ రాలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆ పిల్లతో చెప్పడానికి నోరింకా రాలేదు.

ఆ సీటు పైడిది. లాక్కున్నది నేను. ఇంతవరకూ దీన్ని పైకనలేదు. ఇప్పుడన్నాను. కొంచెం ఊపిరాడుతోంది. బస్, అంతే.