బెడ్డు కావాలన్నప్పుడు గుర్తొచ్చే పిన్ని

మా పిన్నికి భయం వేసేదా? కాలేజీ రోజుల నుంచి నాతో ఉన్న ప్రశ్న ఇది. ఇక అడగడానికి ఆవిడ లేదు. పోయిన నెల ఒక ఉదయం ఏలూరు నుంచి ఫోను వచ్చింది. పాలప్యాకెట్టు తీయడానికి తలుపు తెరిచి గడప దగ్గరే కూలబడిందట. పక్కింటివాళ్ళు ఆటో పిలిచేలోగానే ప్రాణం పోయింది. ఉద్యోగమంతా ఏలూరు ఆస్పత్రి వార్డుల్లో నర్సుగా గడిపిన మనిషి, తన కోసం మాత్రం ఏ వార్డుకీ వెళ్ళలేదు.

ఆవిడ మా అమ్మకు చెల్లెలు. తాడేపల్లిగూడెంలో మా తాతగారిది ఉల్లిపాయల కొట్టు. "మీ రెండో అమ్మాయి ఏం చేస్తోందండీ?" అని ఎవరైనా అడిగితే, "గవర్నమెంటు ఉద్యోగమండీ" అని, వెంటనే ఉల్లిపాయల రేటులోకి వెళ్ళిపోయేవారాయన. పెళ్ళిచూపులప్పుడూ ఇంట్లోవాళ్ళు ఆ మాటతోనే సరిపెట్టారు. వచ్చిన పెద్దావిడ కాఫీ తాగి, మెల్లిగా, "ఆస్పత్రిలోనటగా? రాత్రి డ్యూటీలు కూడా ఉంటాయేమో కదండీ?" అందట.

"ఉంటాయండీ. జబ్బుల్ని పగలే రమ్మంటే వినవు కదండీ" అని పిన్నే జవాబు చెప్పిందట.

మళ్ళీ అటునుంచి కబురు లేదు. ఆ తర్వాత పిన్ని పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. అమ్మ ఇది నవ్వుతూ చెప్పేది. నాకు మాత్రం ఎప్పుడూ నవ్వు రాలేదు. రాత్రి అనే ఒక్క మాటతో ఒక మనిషి మంచితనం మీద నీడ పడిపోవడం చూస్తే, ఇప్పటికీ భయమేస్తుంది.

మా బంధువుల్లో పెళ్ళిళ్ళకి ఆవిణ్ణి పిలవడం తరచుగా మర్చిపోయేవారు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే మాత్రం ఆవిడ నంబరు ఇట్టే దొరికేది. ఒకసారి పిన్ని మేనమామ కొడుకు ఫోను చేసి, "సిస్టరుగారూ, ఒక్క బెడ్డు చూడండీ" అని బతిమాలాడు. మాట్లాడి పెట్టేసి, "మా బావ నన్ను 'గారూ' అన్నాడంటే జ్వరం బాగా ముదిరిందే" అంది నాతో. బెడ్డు చూసింది కూడా.

ఆస్పత్రికి కొల్లేరు లంక గ్రామాల నుంచి చాలామంది వచ్చేవారు. ఒళ్ళు బాగుపడ్డాక కృతజ్ఞతగా చేపలు తెచ్చేవారు. మా ఇళ్ళలో గుడ్డు కూడా ముట్టరు. ఒకాయన క్యాన్లో నీళ్ళు పోసి, బతికున్న కొరమీనులు తెచ్చి పిన్ని ఇంటి అరుగు మీద పెట్టాడు.

"మా చెరువులోవే అమ్మా. ఇప్పుడే పట్టాం."

"ఎంత బావున్నాయి నాయనా!" అని రెండు చేతులా అందుకుంది పిన్ని. ఆయన వీధి మలుపు తిరిగాక, చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆ క్యాను ఆస్పత్రి ఆయా ఇంటికి మోసుకెళ్ళింది. "మనం తినం అని చెప్పొచ్చు కదా" అన్నాను. "చేపల్ని వద్దంటే, తమని వద్దన్నాననుకుంటారే. ఆ వద్దనడం ఎలా ఉంటుందో నాకు తెలుసు" అంది.

నేను డిగ్రీలో ఉండగా, ఒక మధ్యాహ్నం ఆవిడకు క్యారేజీ తీసుకెళ్ళాను. చేపల చెరువు గట్టు మీద పాము కరిచిన కుర్రవాడు అప్పుడే పోయాడు. డాక్టరుగారు వేరే కేసు మీద వెళ్ళారు. ఎదురుగా ఉన్నది పిన్ని. చనిపోయినవాడి అన్న సెలైన్ స్టాండు పైకెత్తాడు. "నువ్వే చంపేశావే! సూది నువ్వే కదే పొడిచావ్!" చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. పొద్దున ఆవిణ్ణి అమ్మా అని పిలిచినవాళ్ళూ అందులో ఉన్నారు.

పిన్ని గొంతు మారలేదు. "బాబూ, ముందు మీ అమ్మని పట్టుకో. పడిపోతోంది చూడు."

అతను వెనక్కి తిరిగాడు. స్టాండు చేతిలోంచి జారింది. అతని ఏడుపు అప్పుడు మొదలైంది.

తర్వాత నర్సుల గదిలో పిన్ని చేతులకు క్యారేజీ క్లిప్పు ఊడి రాలేదు. నేనే తీశాను. "భయం వేసిందా పిన్నీ?" అన్నాను. ఒక ముద్ద తిని, "పెరుగన్నంలో ఉప్పు తక్కువైందే" అంది. అంతే.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఇంటరు పూర్తయిన మా అమ్మాయి నర్సింగు చదువుతానంటోంది. ఏలూరు పక్కన వట్లూరు దగ్గర కాలేజీలో సీటు ఉంది. ఈ వారంలో మా మాట చెప్పాలి. పిన్ని ఉండగానే ఆవిణ్ణి అడిగింది, "చేరనా చిన్నమ్మమ్మా?" అని. "పని గురించి అడుగు, పొద్దుపోయేదాకా చెబుతా. చేరమని మాత్రం నేను చెప్పను తల్లీ. జనం సంగతి మీ అమ్మనడుగు" అంది పిన్ని. నా భయం ఆవిడ ఎప్పుడు కనిపెట్టిందో తెలియదు.

పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర ఒక బంధువు కళ్ళు తుడుచుకుంటూ, "ఎందరికి సేవ చేసిందండీ, దేవత!" అంది. విస్తరి మడిచి, నా చెవి దగ్గరకు వంగి, "మీ అమ్మాయీ అటే అంటోందటగా? ఇంత చదువుకుని మీకిదేం ఖర్మండీ?" అంది. రెండు మాటలూ మనస్ఫూర్తిగానే అంది. నన్ను భయపెట్టింది అదే.

ఆ సాయంత్రం తాడేపల్లిగూడెం బస్సెక్కాం. ఏలూరు బస్టాండులో తెల్లకోట్లు చేతిమీద వేసుకున్న నర్సింగు ఆడపిల్లలు ఎక్కారు. ఏదో పరీక్ష గురించి గట్టిగా నవ్వుకుంటున్నారు. ముందు సీట్లో ఇద్దరు మగవాళ్ళు తలలు తిప్పి, ఒకరికొకరు ఏదో చెప్పుకుని నవ్వారు. పక్క సీట్లోని ముసలావిడ మాత్రం జరిగి, "ఇలా కూర్చో సిస్టరమ్మా" అని ఒక పిల్లను కూర్చోబెట్టుకుని, తన కాలి వాపు చూపించడం మొదలుపెట్టింది. ఆ పిల్ల నవ్వు ఆపి, వంగి, బొటనవేలితో ఆ వాపు నొక్కి చూసింది. మా అమ్మాయి ఆ వేలినే చూస్తోంది. నేను ఆ ఇద్దరు మగవాళ్ళను చూస్తున్నాను.

రేపు పొద్దున మా అమ్మాయి జవాబు కోసం నా ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. వద్దంటే, ఆ మాట దాని మంచి కోసమో, ఆ నవ్వులకు జడిసో నాకే తెలియదు. సరేనంటే, ఏ వార్డులో ఎవరు ఏది పైకెత్తుతారో తెలియదు. ఏం చెప్పాలో నాకింకా తేలలేదు.