తాతయ్య మధ్యలో ఆపిన సంకల్పం

నా చిన్నప్పుడు మా నాన్నకి కోపం వస్తే పాలకొల్లు బస్టాండు దాకా వినపడేది. ఆ కోపం ఒకసారి నా చార్టు మీద పడింది. కోట్ల ఏళ్ళ కిందట ఒక్క చుక్క విచ్చుకుని, నక్షత్రాలై, భూమై ఈ విశ్వం ఏర్పడిందని రంగులతో కష్టపడి గీశాను. కాకినాడలో సైన్సు ఎగ్జిబిషనుకి మా స్కూలు నుంచి నన్నే ఎంచుకున్నారు. నాన్న చార్టు చూసి, "దేవుడు చేసిన లోకం దానంతటదే పుట్టిందా? ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు" అనేశారు. ఏడుపు తన్నుకొచ్చింది. అన్నం మానేశాను. ఎవరూ బతిమాలలేదు, అది వేరే సంగతి.

మర్నాడు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. అమ్మా నాన్నా పీటల మీద కూర్చున్నారు. పంతులుగారు సంకల్పం చెబుతుంటే నాన్న గడగడా అంటున్నారు: శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే... ఏ పూజైనా అంతే, కాలంలో ఎక్కడున్నామో, ఏ నది ఒడ్డున ఉన్నామో దేవుడికి చెప్పుకునే మొదలుపెడతాం. వల్లించడమే గానీ అర్థం ఎవరడుగుతారు?

మా తాతయ్య అడిగారు. చెయ్యెత్తి పంతులుగారిని ఆపి, "కల్పం అంటే ఎంతరా అబ్బాయ్?" అన్నారు. నాన్న పంతులుగారి వైపు చూశారు.

"వందల కోట్ల ఏళ్ళండి" అని పంతులుగారే అందుకున్నారు, నవ్వాపుకుంటూ.

"అన్ని కోట్ల ఏళ్ళని నువ్వు ఏకరువు పెడితే ఆ స్వామికి కోపం రాలేదు కదా! పిల్ల లెక్క చెబితే నీకెందుకొచ్చిందిరా?"

నాన్న గుప్పిట్లో అక్షతలు అలాగే ఉన్నాయి. అలాగే నా వైపు తిరిగి, "రేపు బస్సెన్నింటికే అమ్మాయ్?" అన్నారు. నేను ఎగిరి గంతేశాను!

ప్రసాదం తింటుంటే తాతయ్య నన్ను దగ్గరికి పిలిచారు. మన సంకల్పమూ మీ సైన్సు పుస్తకమూ ఒకటేనని ఎక్కడా గొప్పలు పోకు అన్నారు. లోకం ఎలా పుట్టిందో మీ మాస్టారు చెబుతారు, పుట్టినందుకు ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో నేను చెబుతాను, రెండూ బుద్ధిగా నేర్చుకో అన్నారు.

కాకినాడ బస్సు కిటకిటలాడిపోయింది. చార్టు నలగకుండా నాన్న దారంతా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. ఎగ్జిబిషనులో నన్ను నోరు విప్పనిస్తేనా! వచ్చినవాళ్ళందరికీ ఆయనే, "ఇదిగోండి, ఈ చుక్కతో మొదలండి, మా అమ్మాయే గీసిందండి" అని చెప్పడమే. మొదటి బహుమతి మాదే.

ఇప్పుడు నాది ఆనాటి తాతయ్య వయసు. ఫిజిక్సు పాఠాలు చెప్పీ చెప్పీ రిటైరయ్యాను. పూజలో కల్పం అన్న మాట దగ్గర ఇప్పటికీ కాస్త ఆగుతాను. ఆ చుక్కా, అన్ని కోట్ల ఏళ్ళూ, బస్సులో చేతులెత్తి నిలబడ్డ మా నాన్నా కళ్ళ ముందుకొస్తారు. అప్పుడు మనసారా దణ్ణం పెట్టుకుంటాను.