వార్డెన్‌గారిని భోజనానికి పిలిచిన వైనం

“డాక్టరుగారితో నేను మాట్లాడతాను, నువ్వు కూర్చో.”

“సరేనండి.”

మా ఆయనా నేనూ ఆఖరున అనుకున్న మాటలివి. ఆయన ఆస్పత్రి గదిలోకి వెళ్లారు, నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆయన ప్రాణంతో బయటికి రాలేదు, నాతో మళ్లీ మాట్లాడలేదు. మా కాపురమంతా అంతే. కరెంటాఫీసులో ఆయనే మాట్లాడేవారు, రేషన్ షాపులో ఆయనే మాట్లాడేవారు, వంకాయల బేరం కూడా ఆయనే ఆడేవారు. నేను పక్కన నిలబడి తల ఊపేదాన్ని. అలాంటి నేను ఒంటరిగా ఉద్యోగం అడగడానికి బయల్దేరితే ఎంత ఘోరం జరుగుతుందో ఇప్పుడు వినండి. నా చదువు సంతకం దాకానే. నేను చెబుతుంటే మా అన్నయ్య కూతురు లావణ్య రాస్తోంది. ఇప్పటికే పెన్ను పక్కన పెట్టి నవ్వుతోంది.

రాజమండ్రిలో మేముండే వీధి చివర ఆడపిల్లల హాస్టలుంది. అక్కడ వంటమనిషి మానేసిందని తెలిసింది. ఆ పని దొరికితే మా అద్దె గది నిలుస్తుంది. దొరక్కపోతే తునిలో మా మరిది ఇంట్లో ఒక మూలకు చేరాలి. మరిది మంచివాడే. కానీ ఆ ఇంట్లో ఫ్యాను వేసుకోవాలన్నా ఎవరినో ఒకరిని అడగాలి. నాకు రానిదే ఆ అడగడం.

“నలుగురితో పరిచయాలు పెంచుకోవాలత్తా. ఇప్పుడు ఉద్యోగాలన్నీ అలాగే వస్తున్నాయి” అంది లావణ్య. నా దగ్గరుండే డిగ్రీ చదువుతోంది కాబట్టి నాకు గురువు కూడా అదే. పొయ్యి మీదున్న కుక్కరునే వార్డెన్‌గారు అనుకోమంది. “నమస్కారం మేడంగారూ, నేను వంట బాగా చేస్తాను, నాకు పని ఇప్పించండి” అని కుక్కరుకి విన్నవించాను. అది విజిల్ వేసింది. నేను గుమ్మం దాకా వెనక్కి గెంతాను.

ఇక హాస్టలు గేటు సంగతి. అక్కడి దాకా వెళ్లడం, గేటు మీద చెయ్యి వేసి తీసెయ్యడం, ఎదురుగా ఉన్న బండి దగ్గర కరివేపాకు కొనుక్కుని తిరిగి రావడం. ఆ వారం మా ఇంట్లో టీలో తప్ప అన్నిట్లోనూ కరివేపాకు పడింది. చివరికి ఒకరోజు వార్డెన్‌గారే బయటికొచ్చి, “ఏమ్మా, రోజూ ఇటే చూస్తున్నారు. ఏం కావాలి?” అన్నారు.

కుక్కరుకి చెప్పిన ముక్క ఒక్కటీ గుర్తు రాలేదు. పెద్దవాళ్లు ఎదురుపడి మనకి మాట తోచకపోతే, మా వైపు నోరు తనంతట తాను అనే మాట ఒకటుంది. అదే వచ్చింది.

“ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి.”

పిలిచినవాళ్లని కాదనడం ఆవిడకీ రాదు. “అలాగేనండి. మా అమ్మని కూడా తీసుకురానా?” అన్నారు. “తప్పకుండా తీసుకురండి” అన్నాను.

ఇంటికి రాగానే లావణ్య ఎదురొచ్చింది. “అడిగావా?”

“పిలిచాను.”

“ఎక్కడికి?”

“భోజనానికి.”

అది గచ్చు మీద కూలబడింది.

ఆదివారం పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, ముందురోజే కాచి ఉంచిన చేపల పులుసు పెట్టాను. వాళ్లు పెరుగన్నంలోకి వచ్చేలోపు అడిగెయ్యాలని లావణ్య ఆజ్ఞ. అడుగుదామని నోరు తెరిచినప్పుడల్లా “ఇంకొంచెం వేసుకోండి” అని వచ్చేది. నా భయానికి పాపం వార్డెన్‌గారి అమ్మగారు బలైపోయారు. కంచం మీద రెండు చేతులూ అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి పులుసు పోశాను.

చేతులు కడుక్కుంటూ వార్డెన్‌గారు, “మా హాస్టలుకి వంటమనిషి కావాలండి. మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?” అన్నారు.

చూశారా, ఉద్యోగం మా పెరట్లోకొచ్చి చేతులు కడుక్కుంటోంది. లావణ్య నా కాలు తొక్కింది. నేనని చెబితే, పని కోసమే అన్నం పెట్టాననుకుంటారేమోనని నా ప్రాణం బిక్కచచ్చిపోయింది.

“మా పక్కింటి మంగ ఉందండి. చాలా మంచిది” అన్నాను.

మంగ మంచిదే. కానీ దాని సాంబారులో ముక్క దొరకాలంటే గోదావరి గజ ఈతగాళ్లని దించాలి. వార్డెన్‌గారు మా నంబరు తీసుకుని సంతోషంగా వెళ్లారు. మర్నాడే మంగ పనిలో చేరి, “నీ మేలు మర్చిపోను వదినా” అంటూ నాకు పూతరేకు తెచ్చి పెట్టింది. పూతరేకు నోట్లో కరిగింది గానీ గొంతు దిగలేదు. నేను తునికి సామాను కట్టడం మొదలుపెట్టాను.

గిన్నెలు గోనెసంచిలో సర్దుతుంటే ఫోన్ మోగింది. వార్డెన్‌గారు. నేను గిన్నె వదలకపోవడం చూసి లావణ్య, “ఫోనిటివ్వత్తా. నేను మాట్లాడతాను, నువ్వు కూర్చో” అంది.

అవే మాటలు. దానికేం తెలుసు, పిల్ల.

“కూర్చోను” అన్నాను.

మంగ ఒక్కతే చేయలేకపోతోందట, ఇంకొక మనిషి కావాలట. ఉన్నారండీ అన్నాను. ఎవరని అడిగారు. లైను తెగిపోయిందనుకుని ఆవిడ హలో హలో అంటున్నారు.

“నేనేనండి” అన్నాను, కళ్లు మూసుకుని.

అవతల పెద్దగా నవ్వు. “ఈ మాట ఆదివారమే అనకూడదా అండీ? మీ పనసపొట్టు కూర తిన్నప్పుడే మిమ్మల్ని రమ్మని అడుగుదామనుకున్నాను. అంత మర్యాదగా పిలిచి పెట్టినావిడని వంటపనికి రమ్మంటే ఏమనుకుంటారోనని మొహమాటపడ్డాను.”

అలా చేరాను. ముందు చేరింది కాబట్టి అక్కడ మంగే పెద్ద. “వదినా, ఉల్లిపాయలు ఇంకా సన్నగా తరుగు” అంటుంది. సాంబారు గరిట మాత్రం ఇంకా దాని చేతిలోనే ఉంది.

కాబట్టి గోదావరి తల్లి సాక్షిగా చెబుతున్నాను. ఇకమీదట ఎవరినైనా పని అడగాల్సి వస్తే ముందు పనే అడుగుతాను, ఆ తర్వాతే భోజనానికి పిలుస్తాను. అసలు పిలవనని మాత్రం ఒట్టు పెట్టలేను.

రాశావా లావణ్యా? ఏదీ, మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు. ఆయన మాట దగ్గర మాత్రం కాస్త నెమ్మదిగా చదువు.