ఐదు వేళ్ల శిక్ష

శిక్ష వేసేటప్పుడు మా ఇంగ్లీషు సారు గొంతు పెంచేవారు కాదు. ఎన్ని రోజులో అన్ని వేళ్లు ఎత్తి చూపేవారు, అంతే. వేప్పనపల్లి బడిలో దాన్ని ‘కవెంట్రీకి పంపడం’ అనేవారు ఆయన. అది పాత ఇంగ్లీషు నుడికారం. ఒక మనిషితో అందరూ కలిసి మాటలు మానేయడమని అర్థం. వెనకటికి ఇంగ్లండులో కవెంట్రీ అనే ఊరికి పంపిన సిపాయిలను ఎవరూ పలకరించేవారు కాదట. తర్వాత ఫ్యాక్టరీల్లో సమ్మెకు కలిసిరాని కూలీలకూ అదే శిక్షట. ఇవన్నీ ఆయన ముచ్చటగా, కథలా చెప్పేవారు.

నేను ఎనిమిదిలో ఉండగా ఎవరో బోర్డు మీద ఆయన బొమ్మ గీశారు. నేను కాదు. సారు నావైపు చూసి ఐదు వేళ్లు ఎత్తారు. మూడో రోజు మా అవ్వ చనిపోయింది. ఐదో రోజు బడికి వెళ్లి బెంచీ మీద తల పెట్టుకుని ఏడిస్తే, ఏమైందని ఒక్కడూ అడగలేదు.

మొన్న కృష్ణగిరి నుంచి వచ్చే బస్సులో ఆయనే నా పక్కన కూర్చున్నారు. బాగా వంగిపోయారు.

“నువ్వు మా బడి పిల్లోడివి కదప్పా! యాడుండావిప్పుడు?”

నేను కిటికీవైపు తిరిగాను. ఆయన వంగి నా ముఖం చూసి గుర్తుపట్టారు.

“ఆ బొమ్మ గీసింది నువ్వు కాదని నాకు మర్నాడే తెలిసిందప్పా. వేసిన శిక్ష ఎట్ల వెనక్కి తీసుకునేది?”

అంతవరకూ నోరు విప్పుదామనే అనుకుంటున్నాను. ఆ మాటతో పళ్లు బిగించాను.

ఆయనకు అర్థమైంది. “కవెంట్రీనా? ఎన్ని దినాలప్పా?” అని మెల్లగా అడిగారు.

ఆయన వేసిన శిక్షకు ఒక లెక్క ఉండేది. వేప్పనపల్లి వచ్చేదాకా సారు నా వేళ్లవైపే చూస్తూ కూర్చున్నారు. నేను వేళ్లు కనపడకుండా చేతులు కట్టుకున్నాను.